ఖాడీలు దాటుకుంటూ గోవా దాకా

ముంబై నుంచి గోవాకు సైకిల్ మీద వెళ్తున్నామని చెప్పగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. లారీల మధ్య హైవే మీద తొక్కుతామని అనుకున్నారు. హైవే సముద్రానికి దూరంగా, సహ్యాద్రి కొండల వైపు పోతుంది. మేం పట్టుకున్నది సముద్రం అంచున ఊరూరా తిరుగుతూ పోయే తీరం రోడ్డు. పుణెలో ఉంటున్న మా బావ ఈ రోడ్డు గురించి మూడేళ్లుగా చెబుతున్నాడు. చివరికి జనవరిలో ఇద్దరికీ పది రోజుల సెలవు కుదిరింది. నేను గుంటూరు నుంచి సైకిల్ రైల్లో వేసుకుని వెళ్లాను.

ఈ తీరం మన తీరంలా ఉండదు. మనకు కృష్ణా, గోదావరి మట్టి తెచ్చిపోసిన చదును నేల ఉంది. కొంకణంలో కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నని పట్టీ మాత్రమే. అక్కడి నదులు పొట్టివి, తొందరపాటువి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్లు వాటిలోకి చాలా లోపలి దాకా ఎక్కుతాయి. మనవైపు మొగ అంటామే, దాన్ని వాళ్లు ఖాడీ అంటారు. ఒక ఖాడీకీ ఇంకో ఖాడీకీ మధ్య ఎర్రరాతి మిట్ట ఉంటుంది. దాని పేరు సడా. కాబట్టి రోజంతా చేసే పని ఒకటే. నీళ్ల దాకా దిగాలి, దాటాలి, మళ్లీ మిట్ట ఎక్కాలి. మ్యాప్‌లో కిలోమీటర్లు చూసుకుని లెక్క వేస్తే ఇక్కడ పనికిరాదు. ఈ రోజు ఎన్ని ఖాడీలున్నాయి, ఏ పడవ ఎన్నింటికి, అది చూసుకోవాలి.

మొదటి రోజు: మాండ్వా నుంచి మురుడ్, సుమారు 70 కి.మీ.

ముంబైలో భావూచా ధక్కా రేవు దగ్గర బళ్లను కూడా ఎక్కించుకునే రో-రో నౌక ఎక్కాం. కార్ల వరుస పక్కన సైకిళ్లు గోడకు ఆనించి తాడుతో కట్టాం. గంటలో మాండ్వా. అక్కడి నుంచి అలీబాగ్ దాకా రోడ్డు చదునే. అలీబాగ్‌లో సముద్రం ఆటు మీద ఉంది, జనం కొలాబా కోటకు తడి ఇసుకలో నడిచి పోతున్నారు. మధ్యాహ్నం దాటితే అదే దారికి పడవ కావాలి.

రేవ్‌దండా వంతెన దాటాక కోర్లయీ వస్తుంది. ఆ ఊళ్లో కొన్ని కుటుంబాలు ఇప్పటికీ పోర్చుగీసు కలిసిన ఒక భాష ఇంట్లో మాట్లాడుకుంటాయి. పోర్చుగీసువాళ్లు అక్కడి కోట వదిలి పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది. టీ కొట్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

కాశీద్ దగ్గర సరుగుడు తోపు నీడలో గంట సేపు పడుకున్నాం. సాయంత్రానికి మురుడ్. బియ్యప్పిండి రొట్టె, వంజరం వేపుడు, సోల్‌కడీ. కొకుం పులుపులో కొబ్బరిపాలు కలిపి చేసే ఈ సోల్‌కడీ పది రోజులూ తాగాను. ఎండలో తొక్కి వచ్చిన ఒంటికి అంత హాయినిచ్చేది ఇంకోటి దొరకలేదు.

రెండో రోజు: మురుడ్ నుంచి హరిహరేశ్వర్, 65 కి.మీ.

పొద్దున్నే ఒడ్డు నుంచి జంజీరా కోట చూశాం. సముద్రం మధ్యలో నల్లగా, ఎక్కడా సందు లేకుండా నిలబడి ఉంది. మరాఠాలు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆఫ్రికా మూలాలున్న సిద్దీ పాలకుల చేతి నుంచి దాన్ని తీసుకోలేకపోయారు. ఎందుకో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

అగర్‌దండా జెట్టీలో పంటు ఎక్కాం. నర్సాపురంలో సఖినేటిపల్లి వెళ్లడానికి ఎక్కుతామే, అలాంటిదే. ముందు రేకు తలుపు ఒడ్డు మీద వాలుతుంది, బళ్లు దిగుతాయి, ఎక్కుతాయి. అవతల దిఘీ. అక్కడి నుంచి దివేఆగర్ మీదుగా శ్రీవర్ధన్ పోయే రోడ్డు ఈ యాత్రలో నాకు బాగా నచ్చిన వాటిలో ఒకటి. కుడిచేతి పక్కనే నీళ్లు, ఎడమ వైపు కొండ, మధ్యలో ఒక్క బండి పట్టేంత తారు. దివేఆగర్ గుడిలో బంగారు గణపతి ముఖం 1997లో కొబ్బరి తోటలో తవ్వుతుంటే దొరికింది. 2012లో దొంగలు వచ్చి, ఇద్దరు కాపలాదారుల్ని చంపి దాన్ని ఎత్తుకుపోయారు. ఆ గుడి ముందు ఆగినప్పుడు బావ ఆ ఇద్దరి కోసమే దండం పెట్టుకున్నానన్నాడు.

శ్రీవర్ధన్ పీష్వాల సొంత ఊరు. మేం అక్కడ వక్క తోటల మధ్య సందుల్లో సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం, అంత చల్లగా ఉంది. హరిహరేశ్వర్‌లో గుడి వెనక ప్రదక్షిణ దారి కొండ చీలికలోంచి మెట్లు దిగి సముద్రపు రాళ్ల మీదుగా పోతుంది. పోటు మీద ఉంటే ఆ దారిన పోకూడదు. అడిగి, ఆటు వేళ చూసుకునే వెళ్లాం. అలలు కొరికిన రాయి తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంది.

మూడో రోజు: సావిత్రి దాటి హర్ణై, 58 కి.మీ.

బాగ్‌మండ్లా నుంచి వేశ్వీకి పంటు. సావిత్రి నది దాటితే రాయగఢ్ జిల్లా అయిపోయి రత్నాగిరి జిల్లా మొదలవుతుంది. అసలు కొండలూ అక్కడే మొదలవుతాయి. ఒంపు తిరిగితే ఇంకో ఒంపు, ప్రతి ఒంపులోనూ లోపలి వైపు రోడ్డు గోడలా లేచి ఉంటుంది. అలాంటి చోట బయటి అంచున తొక్కాలి. దూరం కొంచెం ఎక్కువైనా కాళ్లు నిలబడతాయి. నా వెనక చక్రానికి పెద్ద పళ్ల చక్రం 34 పళ్లది. అంతకన్నా చిన్నది వేసుకుని, సామాను కట్టుకుని ఈ దారికి రావద్దని చెబుతాను.

వేళాస్‌లో ఆగాం. పీష్వాల మంత్రి నానా ఫడ్నవీస్ పూర్వీకుల ఊరు అది. ఇప్పుడు ఆ ఊరి పేరు తాబేళ్ల వల్ల వినిపిస్తోంది. ఒకప్పుడు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు కుక్కలు, నక్కలు, మనుషులు తినగా మిగిలేవి కావు. 2002 నుంచి చిప్లూణ్‌కు చెందిన ఒక సంస్థ ఊరివాళ్లను కలుపుకుని గుడ్లను కాపాడటం మొదలుపెట్టింది. ఒడ్డున వల కట్టిన చిన్న ఆవరణ ఉంది. ఇసుకలో వరుసగా చిన్న చిన్న పుల్లలు గుచ్చి, ప్రతి పుల్లకూ ఒక చీటీ కట్టారు. ఏ తేదీన పెట్టింది, ఎన్ని గుడ్లు, అంతే రాసుంది. కాపలా ఉన్న కుర్రవాడు రాత్రి రెండింటికి ఒడ్డంతా నడిచి వచ్చానని చెప్పాడు. గూడు ఎక్కడుందో తాబేలు జాడను బట్టి పట్టుకుంటాడట. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. మేం వెళ్లేసరికి ఇంకా ఏ గూడూ విచ్చలేదు. ఆ చీటీలు చదువుతూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. బావ రెండుసార్లు పిలిచాడు.

కేళ్శీ, ఆంజర్లే దాటి హర్ణై చేరేసరికి చీకటి పడింది. ముందే ఫోన్‌లో మాట్లాడుకున్న గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. వారాంతం కావడంతో ఎక్కడా ఖాళీ లేదు. అరవై కిలోమీటర్లు కొండలెక్కి వచ్చినవాణ్ని గేటు దగ్గర నిలబెట్టి తల అడ్డంగా ఊపడం చాలా బాధ అనిపించింది. చివరికి చేపల ఐసు అమ్మే ఒక కాకా వాళ్ల అరుగు మీద చాపలేశాడు. వాళ్లావిడ అడక్కుండానే వేడి అన్నం, ఎండు రొయ్యల పచ్చడి పెట్టింది. "తెల్లారి వేలం పాట చూసి పోండి" అన్నాడు కాకా. చూశాం. తెల్లారిపాటున పడవలు ఒడ్డుకు రాలేవు, ఎద్దుబళ్లు మోకాటి లోతు నీళ్లలోకి పోయి చేపలు తెస్తాయి. వెనక సువర్ణదుర్గ్ కోట మంచులో మసకగా కనిపిస్తోంది.

నాలుగో రోజు: హర్ణై నుంచి గుహాగర్, 55 కి.మీ.

కర్దే, లాడ్‌ఘర్, దాభోళ్. దాభోళ్ నుంచి ధోపావేకి పంటులో వాశిష్ఠి నది దాటాం. ఒడ్డు మీద ఎన్రాన్ అనే అమెరికా కంపెనీ మొదలుపెట్టిన కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఎన్రాన్ గొడవ పేపర్లలో చదివిన తరానికి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. నాలుగు రోజుల అలసట ఆ రోజు బయటపడింది. గుహాగర్‌లో ఏడింటికే నిద్రపోయాం.

ఐదో రోజు: గుహాగర్ నుంచి రత్నాగిరి, 90 కి.మీ.

ఆ రోజు నా సైకిల్ కంప్యూటర్ 1,500 మీటర్లు ఎక్కినట్టు చూపించింది. అది కాదు గుర్తున్నది.

వేళణేశ్వర్ దాటి దిగుడులో గుంటలో పడ్డాను. టంగుమని చప్పుడు. దిగి చూస్తే వెనక చక్రంలో గేర్ల వైపు ఒక స్పోక్ తెగింది. చక్రం బెండు పోయి బ్రేకుకు రాసుకుంటోంది. నా దగ్గర స్పోక్ ఉంది. కానీ గేర్ల వైపు స్పోక్ వేయాలంటే గేర్ల గుత్తి మొత్తం విప్పాలి, ఆ పానా లేదు. సైకిల్ నడిపించుకుంటూ తరువాతి ఊరికి పోతే, మూడు రోడ్ల కూడలిలో చెట్టు కింద ఒక పెద్దాయన స్కూలు పిల్లల సైకిళ్లు బాగుచేస్తున్నాడు. ఆయన దగ్గర కూడా ఆ పానా లేదు. బావ మరాఠీలో చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, సైకిల్ తలకిందులు చేసి చక్రం తిప్పాడు.

జేబులోంచి సుద్దముక్క తీసి రిమ్ముకు దగ్గరగా పట్టుకున్నాడు. చక్రం తిరుగుతుంటే బెండు ఉన్న చోట మాత్రమే తెల్లటి గీత పడింది. గీత ఎడమ పక్కన ఉంది. అంటే తెగిన స్పోక్ లాగడం మానేసరికి ఎదుటి వైపువి రిమ్మును తమ వైపు లాక్కున్నాయి. ఆయన ఆ గీత మధ్యలో ఎడమ వైపు ఉన్న రెండు స్పోకులను పావు చుట్టు వదులు చేశాడు. బొటనవేలి గోరుతో మీటి విన్నాడు. పక్క దాన్ని మీటాడు. మళ్లీ పావు చుట్టు. గీత తుడిచి, మళ్లీ సుద్ద పెట్టి తిప్పాడు. ఈసారి గీత సన్నబడింది. ఐదోసారికి సుద్ద రిమ్ము పొడవునా సమానంగా తగిలింది. తెగిన స్పోక్‌ను పక్కదానికి రాగి తీగతో చుట్టి కట్టేశాడు. అరగంట పట్టింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ముందు చాయ్ తాగండి" అని తనే చెప్పి తెప్పించాడు.

ఆ చక్రం 31 స్పోకులతో రత్నాగిరి దాకా ఒక్కసారి కూడా బ్రేకుకు తగల్లేదు.

తవ్‌సాళ్ నుంచి జయ్‌గఢ్‌కు పంటులో శాస్త్రీ నది దాటాం. మరాఠీ కవి కేశవసుత్ పుట్టిన మాళ్‌గుండ్ మీదుగా గణపతిపుళే. అక్కడ కొండనే గణపతిగా కొలుస్తారు, ప్రదక్షిణ అంటే కొండ చుట్టూ తిరగడమే. ఆరే-వారే దగ్గర రోడ్డు కొండ కొమ్ము మీదుగా పోతుంది. రెండు వైపులా రెండు ఒడ్డులు ఒక్కసారే కనిపిస్తాయి. సూర్యుడు దిగిపోయేదాకా అక్కడే ఉన్నాం. మిగిలిన దారి లైట్లు వేసుకుని తొక్కాం.

ఆరో రోజు: రత్నాగిరి నుంచి కశేళీ, 40 కి.మీ.

పొద్దున సైకిల్ షాపులో చక్రం చేయించుకుని థీబా ప్యాలెస్ చూశాం. బర్మా చివరి రాజు థీబాను ఇంగ్లీషువాళ్లు 1885లో గద్దె దింపి ఈ ఊళ్లో ఉంచారు. ఆయన 1916లో ఇక్కడే పోయాడు. మేడ మీది నుంచి సముద్రం కనిపిస్తుంది. ఆయన దేశం ఉన్నది ఆ దిక్కున కాదు, వెనక దిక్కున. అక్కడ నిలబడితే గుండె బరువెక్కింది.

పావస్ దాటాక రోడ్డు సడా మీదికి ఎక్కుతుంది. చెట్టు లేదు, ఎర్రరాయి, ఎండుగడ్డి. ఈ రాళ్ల మీదే వేల ఏళ్ల నాటి మనుషులు ఏనుగులు, చేపలు, మనుషుల బొమ్మలు చెక్కారు. కశేళీ దగ్గర చాలా పెద్ద ఏనుగు బొమ్మ ఉంది, దాని కడుపులో ఇంకా చిన్న చిన్న జంతువులు. నేల మీద నిలబడి చూస్తే గీతలే కనిపిస్తాయి. చుట్టూ నడిచి కళ్లతో కూడదీసుకోవాలి. సడా దిగితే మామిడి తోటలు, నిండా పూత. ఆ వాసన రాత్రి గదిలోకి కూడా వచ్చింది. కశేళీలో కనకాదిత్య గుడి ఉంది, సూర్యుడి గుడి.

ఏడో రోజు: విజయదుర్గ్, 65 కి.మీ.

ఈ యాత్రకు నేను ఒప్పుకోవడానికి అసలు కారణం విజయదుర్గ్. బావకు కూడా అప్పటిదాకా చెప్పలేదు.

జైతాపూర్ వంతెన దాటాక విజయదుర్గ్ ఖాడీ అడ్డం వస్తుంది. వంతెన వాఘోటణ్ దగ్గర, బాగా లోపల. చుట్టూ తిరిగి రావాల్సిందే. మధ్యాహ్నం మూడు దాటాక కోట చేరాం. మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే నౌకాదళానికి ఇది గట్టి స్థావరం. 1756లో ఇంగ్లీషువాళ్లు పీష్వాతో కలిసి దీన్ని గెలుచుకున్నారు. మూడు వరుసల గోడలు, నల్లరాయి. లోపల ఒక చోట రాతి అరుగులున్నాయి. వాటిని సాహెబాచే కట్టే అంటారు, దొరగారి అరుగులు.

ఇంటర్‌లో మా ఫిజిక్స్ లెక్చరర్ ఒకరోజు పాఠం ఆపి చెప్పారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని గాజుపట్టకంలోంచి విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు గుంటూరులోనే చూశాడు కూడా. అదే ఏడాది ఇంగ్లాండులో లాక్యర్ అనే శాస్త్రవేత్త కూడా అదే పని చేశాడు. ఆ కాంతిలో ఉన్న ఒక పసుపు గీత అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదు. దానికి సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. "మన ఊళ్లో రా, ఈ ఊళ్లో" అని మాస్టారు బల్ల మీద చరిచారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అదే గ్రహణం విజయదుర్గ్ మీద కూడా పట్టింది. ఇంగ్లీషువాళ్లు ఈ అరుగుల మీద టెలిస్కోపులు పెట్టుకుని చూశారని ఊరివాళ్లు చెబుతారు. ఏటా ఆగస్టు 18న ఇక్కడ హీలియం రోజు జరుపుకుంటారు. చంద్రుడి నీడ పడమటి నుంచి తూర్పుకు పోతుంది. అంటే ఆ రోజు ముందు ఇక్కడ చీకటి పడి, ఆ తర్వాత కొన్ని నిమిషాలకే గుంటూరులో పడి ఉంటుంది.

ఇదంతా బావకు అరుగు మీద కూర్చుని చెప్పాను. బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఒరేయ్, ఇక్కడి నుంచి గుంటూరు ఎటువైపు?" అన్నాడు. ఫోన్‌లో దిక్సూచి చూసి చెయ్యి చాపాను. నేరుగా తూర్పు, కాస్త కిందికి. ఎదురుగా కోటగోడ, దాని మీద మర్రిపిలక. మా వెనక గోడ నీడ అరుగు మీదికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. కాపలా ఆయన వచ్చి గేటు వేసే టైమైందని చెప్పాడు.

గుంటూరులో జాన్సెన్ నిలబడిన చోట ఏదైనా గుర్తు ఉండాలని నాకు గట్టిగా ఉంది. విజయదుర్గ్ ఇంత చిన్న ఊరు. ఇక్కడి పిల్లలకు ఆ తేదీ నోటికి వస్తుంది. మా ఊళ్లో ఎంతమందికి తెలుసు?

ఎనిమిదో రోజు: మాల్వణ్, 88 కి.మీ.

దేవ్‌గఢ్ గాలిమరల కింద టిఫిన్, కుణ్‌కేశ్వర్ ఒడ్డు గుడి, ఆచ్రా. ఇటు వైపు వంతెనలే, పంటులు లేవు. నిజం చెప్పాలంటే పంటు కోసం ఆగే అరగంటలు గుర్తొచ్చాయి. అప్పుడే కదా జనంతో మాట కలిసేది. సైకిల్ గేర్లు లెక్కపెట్టే పిల్లలు, ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగే చేపల గంప మావశీలు (పిన్నులు). వంతెన మీద ఎవరూ ఆగరు.

దిగుళ్లలో బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనుము కీచుమంది. తెచ్చుకున్న రెండో జత వేశాను. ఈ దారికి రెండు జతలు ఉండాల్సిందే.

తొమ్మిది, పది రోజులు: వెంగుర్లా, తెరేఖోల్, కేరీ

మాల్వణ్‌లో పొద్దున్నే పడవెక్కి సింధుదుర్గ్ చూశాం. శివాజీ 1664లో మొదలుపెట్టించిన కోట. నాలుగు దిక్కులా ఉప్పునీళ్లు, లోపల మూడు బావుల్లో మంచినీళ్లు. పాల బావి, చక్కెర బావి, పెరుగు బావి అని పేర్లు. చేద వేసి తాగి చూశాం. చల్లగా, తియ్యగా ఉన్నాయి. వెంగుర్లా చేరేసరికి సాయంత్రమైంది.

చివరి రోజు 40 కిలోమీటర్లే. శిరోడాలో 1930 ఉప్పు సత్యాగ్రహం జరిగిన మళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గట్టు మీద సైకిల్ ఆపి, మడి అంచున పేరుకున్న ఉప్పు చిటికెడు నోట్లో వేసుకున్నాను. రేడీ దాటి చివరి ఎక్కుడు ఎక్కితే తెరేఖోల్ కోట. నది ఇవతలే ఉన్నా అది గోవాదే. కింద జెట్టీలో పంటు కోసం ఆగాం. ఆటు మీద నీళ్లు తగ్గాయి, పోటు ఎక్కాకే వస్తుందన్నారు. గంటన్నర. ఇద్దరం నీడలో కూర్చుని ఆఖరి కొబ్బరి వడియాల పొట్లం విప్పాం. పక్కన కూర్చున్న ఒక తాత మాకు చెరో అరటిపండు ఇచ్చాడు. అవతల కేరీ ఒడ్డు తెల్లగా మెరుస్తోంది.

మడ్‌గావ్‌లో బావ పుణె వెళ్లే బస్సెక్కాడు. నేను వాస్కో నుంచి గుంటూరు మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో సైకిల్ లగేజీ బోగీలో వేయించాను. తెగిన స్పోక్, దానికి చుట్టిన రాగి తీగ నా చొక్కా జేబులో ఉన్నాయి. ఘాట్ ఎక్కి లోండా చేరాక కిటికీ పక్కన కూర్చుని చూశాను. రైలు తూర్పు వైపు పోతోంది.